మీ దేశంలో ఎలా ఉంటుందండీ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి: పరాయి దేశపు మనిషితో మాట కలపడం. ముప్పై రెండేళ్ళు దుభాషిగా నోరు అరగదీసుకున్నదాన్ని, ఇలాంటి ఉత్తరాలంటే నాకు పండగే. పేర్లు వద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: భాష సాధన కోసం ఆన్‌లైన్‌లో డెన్మార్క్ ఆవిడ ఒకరు పరిచయమయ్యారు. ప్రతి ఆదివారం గంటసేపు ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం. ఆరు వారాలైంది. ముందే ప్రశ్నలు రాసుకుని కూర్చుంటాను. ఆవిడ మర్యాదగా, ముక్తసరిగా చెప్పి ఆగిపోతారు. నేను తర్వాతి ప్రశ్నకు వెళ్తాను. కొన్ని మాటలు అర్థం కావు గానీ, మాటిమాటికీ అడిగితే బాగోదని నవ్వి తలూపేస్తాను. డెన్మార్క్ గురించి ఇప్పుడు నేనొక వ్యాసం రాయగలను. ఆవిడ గురించి మాత్రం సైకిల్ మీద పనికి వెళ్తారన్న ముక్క తప్ప ఏమీ తెలియదు. మీ దేశంలో ఎంత శాతం మంది సైకిల్ వాడతారని అడిగితే సరిగా తెలియదన్నారు. నా లోపం ఎక్కడ? (ప్రశ్నల జాబితా జతచేస్తున్నాను.)

జవాబు: జాబితా చదివాను. 23 ప్రశ్నలు. మొదటిది "మీ దేశంలో విద్యావిధానం ఎలా ఉంటుంది?", ఆఖరిది "మీ దేశ ప్రజల సంతోషానికి కారణం ఏమిటి?" నాయనా, ఇవి మనిషిని అడిగేవి కావు, రాయబారిని అడిగేవి. పాపం ఆవిడ ప్రతి ఆదివారం తన దేశం తరఫున పరీక్ష రాస్తోంది.

నేనూ ఈ గోతిలో పడ్డదాన్నే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇథియోపియా నుంచి వచ్చిన ఒక ఇంజనీరు గారికి మూడు వారాలు నన్ను దుభాషిగా వేశారు. మొదటి వారమంతా ఆయన్ని ఇథియోపియా గురించే అడిగాను. ఎత్తైన కొండ ఏది, జనాభా ఎంత, భాషలెన్ని. పెద్దమనిషి, ఓపిగ్గా అన్నీ చెప్పాడు, కరపత్రం చదివినట్టు. రెండో వారంలో ఒక సాయంత్రం విడిపోతూ "రేపు రెండింటికి కలుద్దాం" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి నేను ఠంచనుగా వెళ్ళేసరికి, ఆయన పొద్దున ఎనిమిది నుంచీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ళ దేశంలో గంటల లెక్క పొద్దుపొడుపుతో మొదలవుతుంది. మన ఏడు వాళ్ళకు ఒకటి, మన ఎనిమిది వాళ్ళకు రెండు. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మార్చి చెప్పడం ఆయనకు అలవాటే. ఆ రోజు అలసటలో మర్చిపోయాడు.

నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆయన నవ్వాడు. "నువ్వే చెప్పు, అందరూ నిద్రలో ఉండగా రోజు మొదలవడమేమిటి? చూసేవాళ్ళెవరు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ పూట పని ఎలాగూ పోయింది, ఇద్దరం ఆ మెట్ల మీదే కూర్చున్నాం. చిన్నప్పుడు సెలవుల్లో లేవకపోతే వాళ్ళమ్మ "మూడయింది, లే" అని దుప్పటి లాగేదట. మూడంటే మన తొమ్మిది. ఆవిడ గడియారం చూసేది కాదట, గోడ మీద నీడ చూసి చెప్పేదట. నీడ ఎక్కడికొస్తే ఎంతో ఆయన మా పక్కనున్న గోడ మీద వేలితో గీసి చూపించాడు. వాళ్ళ ఏడాదికి 13 నెలలని, ఆఖరి నెలకు ఐదో ఆరో రోజులేనని కూడా ఆ పూటే తెలిసింది. వారం రోజులు గుచ్చి గుచ్చి అడిగినా రాని మనిషి, ఒక్క పొరపాటుతో వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఇక మీ సంగతి. ఆవిడగా ఆవిడ మీ చేతికందించింది ఒకే ఒకటి, సైకిల్. మీరు వెంటనే దాన్ని శాతాల్లోకి తిప్పేశారు. ఆ లెక్క ఆవిడకెందుకు తెలియాలి? ఆ సైకిల్ ఎన్నేళ్ళ నాటిది, వానొస్తే ఏం చేస్తుంది, తొక్కడం ఎవరు నేర్పారు, దారిలో ఏ మలుపంటే చిరాకు? ఇందులో ఏది అడిగినా మనిషి కదులుతుంది. 2017లో హార్వర్డ్ పరిశోధకులు కొత్తగా కలిసినవాళ్ళ సంభాషణలు పరిశీలించారు. ప్రశ్నలు ఎక్కువగా అడిగినవాళ్ళే ఎదుటివాళ్ళకు ఎక్కువగా నచ్చారు. అందులోనూ, అప్పుడే విన్న మాటను పట్టుకుని అడిగిన ప్రశ్నలకే ఆ గుణం ఎక్కువ. కాగితం చూసి అడిగే ప్రశ్నకు ఎదుటి మనిషి ఏం చెప్పినా ఒకటే, తర్వాతిది ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. అది వాళ్ళకు తెలిసిపోతుంది కూడా.

మీరు "ఆగిపోతారు" అని రాశారే, అక్కడ నాకు అనుమానం. ప్రశ్న ముగిశాక జవాబు మొదలవడానికి ఎంతసేపు పడుతుందో 2009లో 10 భాషల్లో కొలిచారు. అన్నిటి సగటు సెకనులో ఐదో వంతు. జపనీస్‌లో సందే లేదన్నంత తక్కువ. అందరికన్నా ఎక్కువ తీసుకున్నది ఎవరో తెలుసా? డేనిష్ వాళ్ళు. దాదాపు అర సెకను. అర సెకను కూడా ఒక లెక్కేనా అనకండి, మాటల్లో అది బండి దూరేంత సందు. పైగా ఆవిడ మాట్లాడుతున్నది తనది కాని భాషలో. మాట వెతుక్కోవడానికి ఇంకాస్త పడుతుంది. మీరు ఆ సందులో తర్వాతి ప్రశ్న దూరుస్తున్నారు. ఆవిడ ఆగడం లేదు బహుశా, ఊపిరి తీసుకుంటోంది. ఈ ఆదివారం ఆవిడ మాట ఆగగానే మనసులో నాలుగంకెలు లెక్కపెట్టి చూడండి. దుభాషి నేర్చుకోవాల్సిన మొదటి విద్య నోరు మూసుకోవడం. నాకు మూడేళ్ళు పట్టింది.

వీటన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది ఆ నవ్వి తలూపడం. 2015లో ఒక పరిశోధన బృందం 12 భాషల్లో మామూలు కబుర్లు రికార్డు చేసి లెక్కపెట్టింది. సగటున ప్రతి 1.4 నిమిషాలకు ఎవరో ఒకరు "ఏంటీ?" అనో "ఎవరూ?" అనో ఆపి అడుగుతున్నారు. వీళ్ళంతా ఒకే భాష మాట్లాడుకునేవాళ్ళు, ఒకరికొకరు తెలిసినవాళ్ళు. మీరిద్దరూ ఆరు గంటలు మాట్లాడుకున్నారు. ఆ లెక్కన రెండు వందల యాభైసార్లు ఆగి ఉండాలి. ఎన్నిసార్లు ఆగారు? బాగోదని మీరు మింగేసిన ప్రతి "ఏంటీ?" దగ్గరా ఒక దారి మూసుకుపోయింది. అర్థం కానిది తలూపి దాటేస్తే, మీరు వినడం లేదని ఆవిడ పసిగట్టడానికి ఆరు వారాలు అక్కర్లేదు.

అడగడానికీ ఒక ఒడుపుంది. ఉట్టి "ఆఁ?" అంటే ఏ ముక్క జారిందో తెలియక ఎదుటి మనిషి మొత్తం మళ్ళీ చెప్పాలి. "ఎవరొచ్చారన్నారు?" అంటే ఒక్క మాట చాలు. "మీ అన్నయ్య వచ్చారన్నారు, అవునా?" అంటే అవును, కాదు చాలు. విన్నంత మేరకు మీరు చెప్పి, మిగిలింది అడగండి. మనుషులు మామూలుగా కూడా ఎంత కచ్చితంగా అడగగలిగితే అంత కచ్చితంగానే అడుగుతారని అదే పరిశోధనలో తేలింది. బొత్తిగా ఏమీ తోచకపోతే "ఆఁ?" అయినా అనండి. ఇలాంటి పొట్టి మాట 31 భాషల్లో దాదాపు ఒకేలా పలుకుతుందని 2013లో చూపించినవాళ్ళకు, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ కూడా దక్కింది. నాకు నోబెల్ కన్నా ఇదే నచ్చుతుంది.

ఇంకొక్క మాట. మీ ఉత్తరం రెండు పేజీలుంది, మీ గురించి ఒక్క వాక్యం లేదు. మీరేం పని చేస్తారో కూడా నాకు తెలియలేదు. ఆవిడకు తెలుసా? ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1997లో ముక్కూ మొహం తెలియనివాళ్ళను జతలుగా కూర్చోబెట్టి, తేలికవాటితో మొదలై లోతుకు వెళ్ళే 36 ప్రశ్నలిచ్చింది. 45 నిమిషాల్లో, ఉట్టి పిచ్చాపాటీ మాట్లాడుకున్న జతలకన్నా వీళ్ళు ఎక్కువ దగ్గరయ్యారు. ఆ జాబితా తర్వాత చాలాచోట్ల తిరిగింది గానీ, అందులో కీలకం ప్రశ్నలు కావు. ప్రతి ప్రశ్నకూ ఇద్దరూ జవాబు చెప్పాలన్న షరతు. మీరు సైకిల్ మీంచి మొదటిసారి ఎక్కడ పడ్డారో ముందు మీరు చెప్పండి.

ప్రశ్న: ఒక కొరియా అతనితో పరిచయమై పది నిమిషాలు కాలేదు, నా వయసు అడిగాడు. ఆడవాళ్ళ వయసు అడగకూడదని తెలియదా? మాట్లాడడం మానేశాను. తొందరపడ్డానా?

జవాబు: కాస్త. కొరియన్‌లో ఎదుటివాళ్ళు పెద్దా, చిన్నా, సమానమా అన్నదాన్ని బట్టి క్రియ చివర మారిపోతుంది. వయసు తెలియనిదే వాక్యం ఎలా ముగించాలో తేలదు. మీతో అతను వేరే భాషలో మాట్లాడుతున్నా ఆ తడబాటు లోపల ఉంటుంది. అతను కొలిచింది మీ అందాన్ని కాదు, మీకు ఎంత గౌరవం ఇవ్వాలో. వియత్నామీస్‌లో "నేను", "మీరు" అనడానికే అక్కా, తమ్ముడూ వంటి వరసలు వాడతారు, వాళ్ళూ ఇలాగే ముందే ఆరా తీస్తారు.

కొరియాలో 2023 జూన్ దాకా వయసు లెక్క కూడా తమాషాగా ఉండేది. పుట్టగానే ఒక ఏడు, ఆపైన ప్రతి జనవరి 1కి ఇంకొకటి. డిసెంబరు 31న పుట్టిన పసిబిడ్డకు మర్నాటికల్లా రెండేళ్ళు! ఆ జూన్‌లో అంతర్జాతీయ లెక్కనే చట్టంగా ఖాయం చేశారు. అతనికి మళ్ళీ రాస్తే, ఎందుకడిగావని అడగండి. ఇష్టం లేకపోతే వయసు చెప్పకండి. అతను మిమ్మల్ని పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడతాడు, మీకు పోయేదేమీ లేదు.

ప్రశ్న: జపాన్ మిత్రుడు నేను చెప్పిన ప్రతిదానికీ "హై, హై" అన్నాడు. హై అంటే అవును అని చదివాను. తీరా చూస్తే నేను చెప్పినదాంట్లో ఒక్కటీ అతనికి సమ్మతం కాదట. ఇదేం పద్ధతి?

జవాబు: అతను ఊ కొట్టాడు, మీరు సంతకం అనుకున్నారు. జపనీస్‌లో దీనికి ఐజుచి అని పేరే ఉంది. వింటున్నానని తెలిపే చప్పుడది, ఒప్పుకున్నానని కాదు. అది లేకపోతే మాట్లాడేవాళ్ళు కంగారుపడి ఆగిపోతారు. ఒప్పుకున్నాడో లేదో తెలియాలంటే "నువ్వైతే ఎలా చేస్తావు?" అని అడగండి. దానికి "హై" అని జవాబు చెప్పలేరు. ఇదే జాగ్రత్త బల్గేరియా వాళ్ళ దగ్గరా పడాలి. అక్కడ తల కిందికీ పైకీ ఊపితే "కాదు" అని అర్థం. పక్కలకు ఊపితే "అవును". వీడియోలో మాట్లాడేటప్పుడు తలను నమ్మకండి, మాటను నమ్మండి.

ప్రశ్న: మయన్మార్ సహోద్యోగిని ఆఖరి పేరుతో పిలుస్తూ వచ్చాను. ఏడాది తర్వాత తెలిసింది, అది ఇంటిపేరు కాదట. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?

జవాబు: ఉన్న మొహంతోనే. అక్కడ ఇంటిపేర్ల పద్ధతి లేదు, ఉన్న ముక్కలన్నీ కలిపి ఆయన పేరే. 1961 నుంచి 1971 దాకా ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఊ థాంట్ అసలు పేరు థాంట్, అంతే. "ఊ" అన్నది మన "గారు" లాంటిది. ఐస్‌లాండ్‌లో రెండో పేరు మామూలుగా ఫలానావారి కొడుకు, ఫలానావారి కూతురు అని చెప్పేది, కాబట్టి దేశాధ్యక్షుణ్ణైనా మొదటి పేరుతోనే అంటారు. హంగరీలో ఇంటిపేరు ముందు. గుర్తుపెట్టుకోవడం నా వల్లే కాలేదు. అందుకే నేను ఎవరినైనా మొదట అడిగేది ఒకటే, "మీ ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారు, నేను ఏమని పిలవాలి?" ఈ రెండింటికీ మధ్య తేడా చెబుతూ జనం ఎంత దూరం వెళ్ళిపోతారో మీరే చూస్తారు.

ప్రశ్న: థాయ్‌లాండ్ స్నేహితురాలు నా ప్రతి సందేశానికీ 555 అని జవాబిస్తోంది. ఏదైనా రహస్య సంకేతమా?

జవాబు: థాయ్‌లో ఐదుని "హా" అంటారు. ఇప్పుడు మూడుసార్లు చదవండి. బ్రెజిల్ వాళ్ళైతే ఇంగ్లీషు "కె" అక్షరాన్ని వరసపెట్టి కొడతారు, అదీ నవ్వే. మీరు హాస్యప్రియులన్నమాట, సంతోషం.

ప్రశ్న: అమెరికా మిత్రుడితో ప్రతి శనివారం మాట్లాడతాను. మార్చిలో రెండు వారాలు వరసగా గంట ఆలస్యంగా వచ్చానని నిష్ఠూరమాడాడు. నేను ఎప్పటి టైముకే వచ్చాను.

జవాబు: మీ గడియారం కదలలేదు, అతనిది కదిలింది. అమెరికాలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు తిప్పి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. యూరప్ వాళ్ళు మార్చి, అక్టోబరు నెలల ఆఖరి ఆదివారాల్లో తిప్పుతారు. ఇద్దరిలో ఎవరి గడియారం ప్రకారమో ఒకసారి ఖాయం చేసుకోండి.

ప్రశ్న: విదేశీయుడొకరు నాలుగు నెలలుగా పరిచయం. ఓడ మీద ఇంజనీరునంటారు. ఎంతో ఆప్యాయంగా రాస్తారు. సిగ్నల్ లేదని వీడియోలోకి రారు. నా పుట్టినరోజుకు బహుమతి పంపారట. అది కస్టమ్స్‌లో ఆగిందని, సుంకం కట్టమని ఎవరో ఫోన్ చేస్తున్నారు. ఆయనకు చెబితే "ఇప్పటికి నువ్వు కట్టు, వచ్చాక ఇస్తాను" అన్నారు. మిమ్మల్ని సలహా అడగమని మా చెల్లి పోరుతోంది.

జవాబు: మీ చెల్లెలికి నా తరఫున దండం పెట్టండి. పైసా కట్టకండి. ఓడ మీద ఇంజనీరు, దొరకని సిగ్నల్, దారిలో ఆగిన బహుమతి: ఈ కథ ఎంత పాతదో, ఎన్ని దేశాల్లో ఎంతమందిని ముంచిందో. ఇప్పటికే ఏమైనా కట్టి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి ముందు బ్యాంకుకు, తర్వాత పోలీసులకు చెప్పండి. గంటలు కూడా లెక్కే. సిగ్గుపడి దాచుకోవడమే వాళ్ళకు కావాల్సింది.

మీరు పంపిన అతని సందేశాలు నాలుగుసార్లు చదివాను. "నువ్వు" అన్న మాట ప్రతి వాక్యంలోనూ ఉంది. అతనికి మోకాలి నొప్పి లేదు, నచ్చని పై అధికారి లేడు, నిన్న పోగొట్టుకున్న గొడుగు లేదు. నిజం మనిషి మాటల్లో ఎవరికీ అక్కరకు రాని చెత్త బోలెడు ఉంటుంది. ఇందులో గుప్పెడైనా లేదు. ఇదొక్కటే రుజువని అనను, తెలివైన దొంగ గొడుగును కూడా కల్పించగలడు. కానీ డబ్బు మాట వచ్చాక ఇంకే రుజువూ అక్కర్లేదు.

ప్రశ్న: నాకు రెండేళ్ళుగా ఒక విదేశీ స్నేహితుడున్నాడు. ఇప్పుడు వాళ్ళ దేశంలో యుద్ధం. వార్తల్లో రోజూ వాళ్ళ నగరమే. ఏమని రాయాలో తోచక మూడు వారాలుగా ఏమీ రాయలేదు. యుద్ధం గురించి అడిగితే బాధపడతాడేమో, అడగకపోతే పట్టనట్టు ఉంటుందేమో.

జవాబు: ఈ ఉత్తరాన్ని ఆఖరికి పెట్టుకున్నాను, నాకూ ఒకసారి ఇదే జరిగింది కాబట్టి. యుద్ధంలో చిక్కుకున్న ఒక స్నేహితుడికి నేనైతే మూడు వారాలు కాదు, రెండు నెలలు రాయలేదు. సరైన మాట దొరికాక రాద్దామనుకున్నాను. సరైన మాటంటూ ఏదీ దొరకలేదు. ఆ రెండు నెలల్లో ఆయనకు పాత సహోద్యోగుల నుంచి ఉత్తరాలు వచ్చాయట. అన్నిట్లోనూ ఒకటే, మీ ప్రభుత్వం చేసింది సరైనదేనా, ఇది ఎప్పటికి ముగుస్తుంది, మీ జనం ఏమనుకుంటున్నారు. బాంబుల చప్పుడులో కూర్చున్న మనిషిని దేశం తరఫున సంజాయిషీ అడిగారు. నేను అదీ అడగలేదు, ఇంకేదీ అడగలేదు. ఏది నయమో ఇప్పటికీ చెప్పలేను.

మీరు ఇవాళే రాయండి. పొట్టిగా రాయండి. జవాబు ఇవ్వనక్కర్లేదని మొదటి వాక్యంలోనే చెప్పండి, లేకపోతే మీ ఉత్తరం అతని నెత్తిన ఇంకో బరువు. ఎవరిది తప్పని అడక్కండి. "ధైర్యంగా ఉండు" అని రాయకండి, ధైర్యం అనేది మనం ఇక్కణ్ణుంచి పంపగలిగే సరుకు కాదు. ఈ రెండేళ్ళలో అతను మీకు చెప్పిన చిన్న చిన్న సంగతులుంటాయి కదా, అందులో ఒకదాని పేరెత్తండి. నేను ఆఖరికి రాసిన ఉత్తరం మూడు వాక్యాలు. "మీరు గుర్తొస్తున్నారు. జవాబు రాయకపోయినా పర్వాలేదు. మీ కిటికీలో కూర్చునే ఆ పొగరుబోతు పిల్లి ఎలా ఉంది?"

పదకొండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. కిటికీ లేదట. పిల్లి మాత్రం ఆయన ఒళ్ళోనే కూర్చుని, టైపు చేయనివ్వకుండా మీటలు తొక్కుతోందట. ఉత్తరం మధ్యలో ఒక వరస నిండా అర్థంపర్థం లేని అక్షరాలున్నాయి. చెరపలేదు, అలాగే పంపాడు.